డిక్టేషన్‌లో లేని మాట

ఆసుపత్రి ఆఫీసులో ఆమెను అందరూ టకటక అనేవాళ్ళు. కిటికీ పక్కన చిన్న బల్ల, బల్ల మీద పాత టైపు మెషీను, ఆ మెషీను ముందు పదకొండేళ్ళుగా ఆమె. వరండాలో నడిచేవాళ్ళకు కనబడకముందే వినబడేది. మందుల కోసం వరసలో నిలబడ్డవాళ్ళలో కొందరు వాన మొదలైందేమోనని బయటికి చూసేవాళ్ళు. పొద్దున తొమ్మిదికి మొదలయ్యే ఆ వాన సాయంత్రం అయిదుకు గానీ తెరిపివ్వదు.

పదకొండేళ్ళైనా ఆమె ఇంకా తాత్కాలికమే. మూణ్ణెల్లకోసారి ఒక కాగితం వచ్చి ఇంకో మూణ్ణెల్లు ఉండమనేది. ఆ కాగితాన్ని కూడా ఆమే టైపు చేసుకునేది. ఈ ఏడు మాత్రం పర్మినెంటు చేసేవాళ్ళ జాబితాలో ఆమె పేరు చేరింది. ఆ జాబితా నాలుగు వారాలుగా పాలనాధికారి బల్ల మీద సంతకం కోసం ఎదురు చూస్తోంది. ఏ పని మీద ఆ గదిలోకి వెళ్ళినా ఆమె చూపు ముందు అక్కడికే పోయేది, అది ఉందో లేదోనని కాదు, దాని మీద ఎన్ని కాగితాలు చేరాయోనని.

టైపు ఆమె నేర్చుకున్నది ఒక బట్టల కొట్టు మీది ఇరుకు గదిలో. అక్కడి మాస్టారు తెల్ల అట్ట మీద ఇంగ్లీషు జంట మాటలు పెద్ద అక్షరాలతో రాసి గోడకు తగిలించాడు. ఓవర్ అండ్ ఓవర్. ఆన్ అండ్ ఆన్. బై అండ్ బై. మోర్ అండ్ మోర్. అగైన్ అండ్ అగైన్. ఒకే మాటను వెంటవెంటనే రెండుసార్లు కొడితే వేళ్ళకు లయ అబ్బుతుందని ఆయన నమ్మకం. అర్థాలు చెప్పేవాడు కాదు. ఆమె వేళ్ళు ఆ మాటలను ముందు నేర్చుకున్నాయి, మనసు చాలా ఏళ్ళకు నేర్చుకుంది. మన భాషలో మాటను రెండుసార్లు పలికితే ఆ రెండూ ఒకదాని మీద ఒకటి వాలి నిలబడతాయి. మెల్లమెల్లగా, దూరదూరంగా, ఏడ్చి ఏడ్చి. ఇంగ్లీషు వాటి మధ్య ఒక చిన్న 'అండ్'ని కూర్చోబెడుతుంది, ఇద్దరు పిల్లలు కొట్లాడుకుంటారేమోనని మధ్యలో కూర్చున్న తల్లిలాగా. ఎవరు ఎలా కూర్చోబెట్టినా, ఒక్కసారి చెబితే తీరని బాధ ఏదో ఉన్నప్పుడే మనిషి అదే మాటను రెండోసారి అంటాడని ఆమెకు అనిపించేది.

ఇంట్లో అది రోజూ ఉండేదే. భర్త బస్సు డిపోలో మెకానిక్కు. ఇరవయ్యేళ్ళు ఇంజన్లలో తల దూర్చి దూర్చి ఆయన ఎడమ చెవి వినడం మానేసింది. ఏ మాటైనా రెండుసార్లు చెప్పాల్సిందే. మొదటిది చెవికి, రెండోది నాకు అని నవ్వేవాడు. అత్తగారు ఊరుకునేది కాదు. కొడుక్కి పెళ్ళాన్ని తెద్దామనుకుని టైపు మెషీన్ని తెచ్చానని, కొట్టిందే కొడుతుందని పక్కింటివాళ్ళకు వినబడేట్టు అనేది. అంటూనే కోడలి కంచంలో ఇంకో గరిటె వడ్డించేది.

ఆఫీసులో సంగతి వేరు. పాలనాధికారికి జంట మాటలంటే ప్రాణం, అయితే తనవైతేనే. చదువుకునే రోజుల్లో ఇంగ్లీషు పలుకుబళ్ళన్నీ నల్ల అట్ట నోటుపుస్తకంలో రాసుకుని బట్టీ పట్టాడట. పని ఎగ్గొట్టినవాడు ఆయన దృష్టిలో త్రూ అండ్ త్రూ సోమరి. పొంతన లేని జవాబు ఔట్ అండ్ ఔట్ అబద్ధం. ఆలస్యంగా వచ్చేవాళ్ళ మీద ఆయన రాయించే ప్రతి కాగితంలోనూ ఒక వాక్యం తప్పకుండా ఉండేది: హి వాజ్ టోల్డ్ అగైన్ అండ్ అగైన్. అంటే వీడికి చెప్పి చెప్పి విసిగిపోయామని. చాటుగా ఆయన్ని అండ్ సార్ అనేవాళ్ళు. ఆ వాక్యాన్ని ఆమె ఎన్ని వందలసార్లు కొట్టిందో లెక్క లేదు. 'టోల్డ్' అన్న మాట చెవిన పడితే చాలు, మిగతాది వేళ్ళే చూసుకునేవి.

ఎదుటివాడు మాత్రం ఒక మాట రెండుసార్లు అంటే ఆయనకు గిట్టదు. విచారణల్లో సాక్షి తన భాషలో చెబుతాడు. ఆయన విని, ఇంగ్లీషులోకి మార్చి, ఆమెకు డిక్టేట్ చేస్తాడు. ఆ మార్చడంలో ముందుగా రాలిపోయేవి జంట మాటలే. పరుగు పరుగున వచ్చానంటే వచ్చానని. వద్దు వద్దని మొత్తుకున్నానంటే వద్దన్నానని. భయపడ్డవాడే చెప్పిందే చెబుతాడని, రికార్డు సన్నగా ఉండాలని అనేవాడు. చెడ్డ మనిషి కాదు. ఆకుల్లోంచి ఈనెలు లాగేస్తున్నాననుకునేవాడు. ఈనెతో పాటు ఆకు ఎంత చిరిగిందో చూసుకునే తీరిక లేదంతే.

ఆ నెల మొదట్లో వెనకవైపు సామాన్ల లిఫ్టుకు బ్రేకు పట్టలేదు. మూడో అంతస్తులో ఆగాల్సింది అక్కడ ఆగకుండా రెండంతస్తులు జారి, మొదటి అంతస్తు దగ్గర ఒక్క కుదుపుతో నిలబడింది. లోపల ఒక ఆయా ఉంది, ఆమె తోపుడు బండి ఉంది, లిఫ్టు నడిపే మనిషి ఉన్నాడు. ఆయాకు తుంటి ఎముక విరిగింది. నడిపే మనిషికి కుడి మణికట్టు బెణికింది. అందరూ ఆయన్ని లిఫ్టన్న అంటారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఇనుప గదిలో మీట పట్టుకుని నిలబడ్డవాడు. మీ ఇల్లెక్కడన్నా అని ఎవరైనా అడిగితే, ఏ అంతస్తులో దిగుతారో చెప్పండి, అక్కడే అనేవాడు. ఇప్పుడాయన సస్పెన్షన్‌లో ఉన్నాడు.

తప్పెవరిదో తేల్చడానికి ఆసుపత్రి నిబంధన ఒక్కటే ఉంది. లోపం కనబడితే నడిపేవాడు సూపర్‌వైజరుకు చెప్పాలి. బాగుచేసేదాకా చెబుతూనే ఉండాలి. చదువు రానివాడు నోటితో చెప్పినా చాలు. ఒకసారి చెప్పి ఊరుకుని, ఆ లిఫ్టునే నడిపితే తప్పు నడిపినవాడిదే. ఉద్యోగం పోతుంది. చెప్పినా చెప్పినా వినకపోతే తప్పు సూపర్‌వైజరుది. బ్రేకు ఆలస్యంగా పడుతోందని లిఫ్టన్నకు తెలిసి అప్పటికి ఇరవై రెండు రోజులు. ఆ ఇరవై రెండు రోజుల్లో ఎన్నిసార్లు చెప్పాడన్నదే అసలు ప్రశ్న.

విచారణ పాత దుప్పట్ల గదిలో పెట్టారు. గోడల పొడుగునా ఖాళీ అరలు, ఉతికిన గుడ్డ వాసన, ఒక్క కిటికీ. మెషీన్ని అక్కడికి మోయించారు. ఆమె మూడు కాగితాల మధ్య రెండు కార్బన్లు సర్ది రోలరుకు ఎక్కించింది. లిఫ్టన్న కట్టు కట్టిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు, నిలబడి పనిచేసిన మనిషికి కూర్చుంటే మాట రాదేమో. పాలనాధికారి బ్రేకు సంగతి సూపర్‌వైజరుకు చెప్పావా అని అడిగాడు.

"చెప్పాను సార్. చెప్పాను, చెప్పాను. బ్రేకు లేటుగా పడుతోంది, ఎప్పుడో ఒకరోజు ఎవరి ప్రాణం మీదికో వస్తుందని చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. చూద్దాం చూద్దాం అన్నాడాయన."

పాలనాధికారి కళ్ళు మూసుకున్నాడు. డిక్టేట్ చేసేటప్పుడు ఆయన అలవాటది. "ఐ టోల్డ్ ద సూపర్‌వైజర్," అని, తరువాతి మాట కోసం ఒక్క క్షణం ఆగాడు.

ఆ ఒక్క క్షణం ఖాళీలోకి ఆమె వేళ్ళు జారిపోయాయి. ఎవరూ తొయ్యలేదు. బడి నుంచి వచ్చే పిల్ల తెలిసిన సందులోకి తిరిగినంత మామూలుగా తిరిగాయి. ఆయన బ్రేకు నెమ్మదిగా పడుతోందని పూర్తిచేశాడు. అదీ కొట్టింది. వరస చివర గంట మోగింది. క్యారేజీ వెనక్కి నెడుతూ చూసుకుంది. ఐ టోల్డ్ ద సూపర్‌వైజర్ అగైన్ అండ్ అగైన్.

డిక్టేషన్‌లో లేని మాట. పదకొండేళ్ళలో అక్షరం తప్పు పడింది గానీ, చెప్పని మాట ఎప్పుడూ పడలేదు. స్టేట్‌మెంటు మీద రబ్బరు పెట్టకూడదు. తప్పు పడితే కింది మాట కనబడేట్టు ఒకే గీత గీయాలి. పక్కన అధికారి పొట్టి సంతకం, దాని పక్కన సాక్షి సంతకం. ఇవేవీ లేకుండా టైపిస్టు కల్పించిన మాట ఒకటి ఉందని రేపు తేలితే ఆ స్టేట్‌మెంటు మొత్తం చెల్లదు. చెల్లకపోతే లిఫ్టన్న ఏమీ చెప్పనట్టే లెక్క. ఆయన డిక్టేట్ చేస్తూ పోయాడు, ఆమె కొడుతూ పోయింది. కింది వరసలన్నీ కొడుతున్నంతసేపూ పైవరసలో ఆ మాట పొయ్యి మీద మరిచిపోయిన గిన్నెలా చిటపటలాడుతూనే ఉంది.

ఒంటిగంటకు పాలనాధికారి లేచాడు. భోంచేసి వచ్చాక చదివి వినిపించి సంతకాలు పెట్టిద్దామన్నాడు. లిఫ్టన్నను బయట బెంచీ మీద ఉండమన్నాడు. గదిలో ఆమె, మెషీను, కాగితం మిగిలాయి.

అయిదు నిమిషాలు కాకముందే సూపర్‌వైజరు వచ్చాడు. సన్నగా, శుభ్రంగా, జేబులో రెండు కలాలతో ఉండే మనిషి. ఆయన గడప దాటుతుండగానే ఆమె మెషీను మీద గుడ్డ కప్పింది.

"ఏంటి టకటక మేడమ్, వాన వెలిసినట్టుందే. ఏమంటాడు మన లిఫ్టన్న?"

చెప్పకూడదండీ అంది. ఆయన నవ్వి, ఖాళీ అరకు ఆనుకుని నిలబడ్డాడు. మనలో మనకు దాపరికం ఏమిటన్నాడు. లిఫ్టన్న తనతో ఒకే ఒక్కసారి చెప్పాడని, అదీ టీ తాగుతుంటే మాటవరసకు అన్నాడని, అదే రాసి ఉంటారు కదా అని అడిగాడు. ఆమె గుడ్డ అంచు సర్దుతున్నట్టు దాని మీద చెయ్యి వేసి ఉంచింది.

"మీ పర్మినెంటు కాగితం సార్ బల్ల మీదే ఉందట," అన్నాడు వెళ్తూ. "సంతకం పడేదాకా మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉండాలి మేడమ్. మీ మంచికే చెబుతున్నా."

ఆయన చెప్పుల చప్పుడు వరండా చివర మెట్ల దగ్గర పోయింది. ఆమె గుడ్డ తీసింది. గోడ గడియారంలో ఒంటిగంట పది. పాలనాధికారి రెండింటికి గానీ రాడు. పేజీ మొత్తం మళ్ళీ కొట్టడానికి ఆమెకు ఇరవై నిమిషాలు చాలు. పాత కాగితాలు తీసి పక్కన పెట్టింది. కొత్తవి సర్ది ఎక్కించింది. తేదీ కొట్టింది, లిఫ్టన్న హోదా కొట్టింది, ఏ లిఫ్టో కొట్టింది. ఐ టోల్డ్ ద సూపర్‌వైజర్ దాకా వచ్చి ఆగింది.

అక్కడ ఆ మూడు మాటలు వదిలేసి ముందుకు పోతే ఎవరికీ తెలియదు. పాలనాధికారికి తాను చెప్పినదే కనబడుతుంది. లిఫ్టన్నకు ఇంగ్లీషు రాదు. చదివి వినిపించేది ఆమే. వినిపించేటప్పుడు చెప్పి చెప్పి అని వినిపించవచ్చు, కాగితం మీద ఒక్కసారే ఉండవచ్చు. ఆయన తల ఊపి సంతకం పెడతాడు. ఇంత సులువని ఇన్నేళ్ళలో ఆమెకు ఎప్పుడూ తట్టలేదు. తట్టగానే ఇన్నేళ్ళుగా తన చేతుల మీదుగా పోయిన తెల్లటి, తప్పుల్లేని, సన్నటి పేజీలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పరుగు పరుగున వచ్చినవాళ్ళు వాటిలో నడిచి వచ్చారు. కాళ్ళావేళ్ళా పడ్డవాళ్ళు అడిగారని ఉంది. అవన్నీ తప్పులేనా అంటే ఆమె చెప్పలేదు. ఏ మాట ఎక్కడ రాలిందో వినగలిగిన చెవి మాత్రం ఆ గదిలో తనదొక్కటే.

తలుపు సందులోంచి బెంచీ కనబడుతోంది. లిఫ్టన్న ఎడమ చెయ్యి మోకాలి మీద ఉంది. ఆ చెయ్యి తనకు తెలియకుండానే చిన్నగా ముందుకీ వెనక్కీ కదులుతోంది, లేని మీటను పట్టుకుని.

ఆమె కొత్త కాగితాలను రోలరులోంచి లాగేసి చింపింది. పాతవే ఎక్కించింది. తరువాతి నలభై నిమిషాలు ఏమీ చెయ్యకుండా కూర్చుంది. టిఫిన్ డబ్బా మూత కూడా తియ్యలేదు. అంతసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం ఆమె ఆ ఉద్యోగంలో ఎన్నడూ ఎరగదు.

పాలనాధికారి తిరిగొచ్చి కుర్చీ లాక్కోగానే ఆమె లేచి నిలబడింది. ఒక తప్పు పడిందని చెప్పింది. ఆయన తల ఎత్తకుండానే, గీత గీసి ఇవ్వు, సంతకం పెడతానన్నాడు.

"మీరు చెప్పని మాట సార్. ఆయన చెప్పిన మాట."

అప్పుడు తలెత్తాడు. కాగితం తీసుకుని చదివాడు. ఒకసారి చదివాక అద్దాలు సవరించుకుని మళ్ళీ చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్విక్కడ టైపిస్టువా, సాక్షివా?"

"టైపిస్టునే సార్. అందుకే చెబుతున్నాను."

"అగైన్ అండ్ అగైన్ నా మాట. దాన్ని అతని నోట్లో ఎందుకు పెట్టావు?"

"వేళ్ళు పెట్టాయి సార్, నేను కావాలని పెట్టలేదు. కానీ ఆయన నోట్లోంచి వచ్చింది అదే. ఆయన భాషలో వచ్చింది."

పాలనాధికారి కలం మూత తీశాడు. ములికి ఆ మాటల మీదికి వచ్చి, కాగితానికి వెంట్రుక దూరంలో ఆగింది. గీత పక్కన సాక్షి సంతకం కూడా ఉండాలి సార్, ఆయన్ని పిలవనా అని అడిగింది. అంతే అడిగింది. మిగతాది ఆయనకే తెలుసు. గీత కింద మాట చావదు. పైఅధికారులెవరైనా చూసి, ఇతను చెప్పి చెప్పి అన్నాడట గదా, మీరెందుకు కొట్టేశారని అడిగితే, పక్కన ఉండేది తన పొట్టి సంతకమే. ఆయన కలం అలాగే పట్టుకుని, పిలవమన్నాడు.

లిఫ్టన్న లోపలికి వచ్చాడు. అధికారి చేతిలో తెరిచిన కలం, నిలబడి ఉన్న టైపిస్టు. ఆ రెండూ చూసి ఆయన గడప దగ్గరే ఆగిపోయాడు. ఏదో ఘోరం జరిగింది, అది తనవల్లే జరిగింది అనుకున్నాడు. సూపర్‌వైజరుకు ఎన్నిసార్లు చెప్పావని పాలనాధికారి అడిగాడు.

"మీరెలా రాస్తే అలాగే సార్."

పాలనాధికారి ఆమె వైపు చూశాడు. చూశావా అన్నట్టు. సాక్షితో టైపిస్టు మాట్లాడకూడదు. కళ్ళతో సైగ చేసినా తప్పే. ఆమె కూర్చుంది. కాగితం రోలరుకు ఎక్కించి, వేళ్ళు మీటల మీద ఆనించి, ఎదుటి ఖాళీ అరల వైపు చూస్తూ ఉండిపోయింది. తనకు చాతనైంది అదొక్కటే, చెబితే కొట్టడానికి సిద్ధంగా ఉండటం.

మీరెలా రాస్తే అలాగే అన్న మాట పాలనాధికారిని ఎక్కడో గుచ్చింది. ముప్ఫయ్యేళ్ళుగా బల్లకు అవతల నిలబడ్డ ప్రతివాడూ ఆయనతో అన్న మాట అది. కలం మూత పెట్టాడు.

"నేను రాయడం తరువాత సంగతి. మొట్టమొదట ఎప్పుడు చెప్పావో చెప్పు."

"తారీఖులు నాకు తెలియవు సార్." లిఫ్టన్న పెదాలు తడుపుకున్నాడు. "ఆక్సిజన్ సిలిండర్లు పద్నాలుగు ఒకేసారి పైకెక్కించిన రోజు. ఆ బరువుకి బ్రేకు జానెడు జారింది. దిగీ దిగగానే వెళ్ళి చెప్పాను."

ఆ తరువాత ఎప్పుడని పాలనాధికారి అడిగాడు. లిఫ్టన్న మెల్లగా తన అంతస్తులు ఎక్కడం మొదలుపెట్టాడు. ఆపరేషన్ గదికి కొత్త దీపాలు వెళ్ళిన రోజు. పైన నీళ్ళ ట్యాంకు కడగడానికి నిచ్చెనలు పట్టుకెళ్ళిన రోజు. కొత్త మంచాలు వచ్చిన రోజు. పెద్ద డాక్టరు గారి గదికి పూలబుట్టలు పట్టుకెళ్ళిన రోజు, ఆ రోజు కుదుపుకి ఒక బుట్ట బోర్లా పడిందట. మనిషికి తారీఖులు లేవు గానీ, ఎక్కించిన ప్రతి బరువూ భుజంలో ఉంది. పాలనాధికారి సామాన్ల గది రిజిస్టరు తెప్పించాడు. సిలిండర్లు ఉన్నాయి. దీపాలు ఉన్నాయి. నిచ్చెనలు ఉన్నాయి. ఒక్కొక్క బరువు పక్కన ఉన్న తేదీ, పూట వేలు పెట్టి చూసుకుంటూ ఆయన కళ్ళు మూసుకోవడం మరిచిపోయి డిక్టేట్ చేశాడు. మొత్తం తొమ్మిది. తొమ్మిది వాక్యాలు, తొమ్మిదింటిలోనూ ఐ టోల్డ్. ప్రతిసారీ ఆ మాట తరువాత ఆమె వేళ్ళను గట్టిగా పట్టి ఆపుకుంది.

అప్పుడు ఆయన పై పేజీలో అగైన్ అండ్ అగైన్ మీద ఒక గీత గీశాడు. ఇక దీని అవసరం లేదన్నాడు. పొట్టి సంతకం పెట్టాడు. ఆమె పేజీలన్నీ మన భాషలో చదివి వినిపించింది. లిఫ్టన్న గీత పక్కనా, పేజీల కిందా ఎడమ చేత్తో, పాకే చీమలాంటి సంతకం పెట్టి బయటికి వెళ్ళాడు.

"ఇంకో కాగితం ఎక్కించు. ఇది నీకు," అన్నాడు పాలనాధికారి.

తన మీద మెమో ఆమె తనే కొట్టుకుంది. డిక్టేట్ చెయ్యని మాట స్టేట్‌మెంటులో చేర్చినందుకు ఈ ఏటి జాబితా నుంచి ఆమె పేరు తొలగిస్తున్నామని. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు. ఆయన సంతకం చేసి, ఒక ప్రతి ఆమెకిచ్చి, నాలుగింటికి సూపర్‌వైజరు వస్తాడు, అప్పటిదాకా పోయి టీ తాగి రమ్మన్నాడు. గొంతులో కోపం లేదు. అదే ఆమెకు కష్టమనిపించింది.

మెట్ల మలుపులో లిఫ్టన్న నిలబడి ఉన్నాడు.

"అమ్మా, ఆ మంచాల రోజు. మీరు పొద్దున అని చదివారు. మంచాలు వచ్చింది పొద్దున్నే. నేను పైకెక్కించింది మధ్యాహ్నం. చెప్పింది మధ్యాహ్నమే."

"అప్పుడే ఎందుకు అనలేదన్నా?"

"అందామనుకున్నాను. సార్ కలం పట్టుకుని ఉన్నాడు. నోరు పెగల్లేదు." ఆగి, మెల్లగా అన్నాడు. "ఆ రోజు పొద్దున సూపర్‌వైజరు రానే రాలేదమ్మా."

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. తొమ్మిదింటిలో ఒక్కటి అబద్ధమని సూపర్‌వైజరు చూపిస్తే చాలు, మిగతా ఎనిమిదీ దాంతో పాటు కొట్టుకుపోతాయి. చేతిలో మెమో సిరా ఇంకా ఆరలేదు. మీరే వెళ్ళి చెప్పండన్నా అందామనుకుంది. ఆయన మొహం చూసి అనలేకపోయింది. నాలుగు కావడానికి పన్నెండు నిమిషాలుంది.

"పదండి. ఇద్దరం వెళ్దాం," అని లేచింది.

రెండోసారి ఆ గడప దాటడం మొదటిసారి కన్నా కష్టమైంది. పాలనాధికారి ఆమెను చూసి, ఆమె వెనక లిఫ్టన్నను చూసి, గట్టిగా ఊపిరి వదిలాడు. లిఫ్టన్న ఈసారి తనే చెప్పాడు, తడబడుతూ, నేల చూస్తూ. ఆమె పక్కన ఊరికే నిలబడింది. పాలనాధికారి పేజీ తీసి 'మార్నింగ్' మీద గీత గీసి, పైన 'ఆఫ్టర్‌నూన్' అని స్వయంగా రాసి, సంతకం పెట్టి, లిఫ్టన్న చేత పెట్టించాడు. ఆమెకు మెషీను వైపు వేలు చూపించాడు. లిఫ్టన్నను మాత్రం అక్కడే మూల నిలబడమన్నాడు.

సూపర్‌వైజరు సరిగ్గా నాలుగింటికి వచ్చాడు. ఒక్కసారే చెప్పాడు సార్, టీ తాగుతుంటే, అన్నాడు. పాలనాధికారి తొమ్మిది రోజులూ చదివాడు. మొదటి మూడింటికీ సూపర్‌వైజరు గుర్తులేదన్నాడు. నాలుగోది మంచాల రోజు. ఆ తేదీ వినగానే ఆయన మొహం వెలిగింది. ఆ ఇరవై రెండు రోజుల్లో తను పెట్టిన ఒకే ఒక్క సెలవు చీటీ, ముందే మడిచి తెచ్చుకున్నది, జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ రోజు నేను సెలవు సార్. ఇదిగో. మిగతావీ ఇలాంటివే."

పాలనాధికారి చీటీ విప్పాడు. కిటికీ వెలుతురుకు పట్టుకుని చదివాడు.

"ఇది పూట సెలవు. మధ్యాహ్నం డ్యూటీలో ఉన్నావు."

"మధ్యాహ్నం ఉన్నాను సార్. మంచాలు వచ్చింది పొద్దున కదా, ఇతను చెప్పింది పొద్దున్న..."

"ఎవరన్నారు?"

సూపర్‌వైజరు మూలనున్న లిఫ్టన్నను చూశాడు. లిఫ్టన్న మొదటిసారి తల దించుకోలేదు. పాలనాధికారి పేజీ తిప్పి 'ఆఫ్టర్‌నూన్' అన్న మాట కింద వేలు పెట్టాడు. కిటికీ అవతల ఎవరో తోపుడు బండి లాక్కుపోతున్నారు, దాని చక్రం ఒకటి కీచుమంటోంది.

"మంచాలు పైకి చేరాక నీ దగ్గరికి వచ్చాడా?"

"వచ్చాడు సార్."

"బ్రేకు సంగతి చెప్పాడా?"

"చెప్పాడు."

"మిగతా ఎనిమిది రోజులు?"

సూపర్‌వైజరు తన చీటీని మళ్ళీ మడిచాడు. తరువాత, ఎవరికీ వినబడకూడదన్నంత మెల్లగా, చెప్పేవాడు సార్, వచ్చినప్పుడల్లా చెప్పేవాడు అన్నాడు.

పాలనాధికారి కుర్చీలో వెనక్కి వాలి మెషీను వైపు తిరిగాడు.

"కొట్టావా?"

ఆమె వేళ్ళు మీటల మీద కదలకుండా ఉన్నాయి.

"మీరింకా చెప్పలేదు సార్."